ఏ లెన్సు కొనాలో నా పాత ఫొటోలే చెప్పాయి

చెన్నైలో ఫొటోలు తీసే స్నేహితుల మధ్య లెన్సు మాట ఎత్తితే చాలు, సలహాలకు కొదవ ఉండదు. ముందు 50 ఎంఎం లెన్సు కొనమని ఒకరు అంటారు. ఎక్కువ మేర పట్టే వైడ్ లెన్సు లేకుండా గుళ్ళూ గోపురాలూ ఎలా తీస్తావని మరొకరు అడుగుతారు. పక్షుల వెంట తిరిగేవారైతే లెన్సు ఎంత పొడుగుంటే అంత మేలని చెబుతారు. వీరిలో తప్పు చెప్పేవారు ఎవరూ లేరు. ఎవరి చేతికి అలవాటైనది వారికి మంచిదిగా తోస్తుంది. నా చేతికి ఏది తగునో మాత్రం నా ఫొటోల్లోనే వెతుక్కోవాలని చెప్పింది మా మేనమామ. ఆ వెతుకులాటకు కొన్ని నెలలు పట్టింది. డబ్బు పెద్దగా ఖర్చు కాలేదు గానీ కాళ్ళకు బాగా పని పడింది.

ముందుగా నా దగ్గర ఉన్నవి చెబుతాను. కెమెరా నికాన్ డి5600. దానితో పాటు ఒకే పెట్టెలో వచ్చిన రెండు జూమ్ లెన్సులు, 18-55, 70-300. ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్. అంకె చిన్నదైతే ఎక్కువ మేర పడుతుంది, పెద్దదైతే దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. ఇల్లు పెరంబూరులో, ఉద్యోగం అంబత్తూరులో. ఫొటోలకు వీలు చిక్కేది ఆదివారం తెల్లవారుజామున, లేదంటే మామూలు రోజుల్లో ఆఫీసు అయ్యాక, దీపాలు పెట్టే వేళకు. ఈ వేళల సంగతి చిన్నదిగా కనిపించవచ్చు గానీ, లెన్సు ఎంపికలో సగం దాని మీదే తేలింది.

మా మామయ్య గూడూరులో చాలా ఏళ్ళు స్టూడియో నడిపారు. ఆయన కెమెరా యాషికా మ్యాట్ 124జి. దాని 80 ఎంఎం లెన్సు కెమెరాకే బిగించి ఉంటుంది, విప్పి ఇంకొకటి తగిలించే వీలు లేదు. 120 ఫిల్ము చుట్టకు పన్నెండు చదరపు బొమ్మలు వస్తాయి. ఎన్నో పెళ్ళిళ్ళు ఆయన దానితోనే తీశారు. పీటల మీద దంపతులతో పాటు వెనకున్న బంధువులందరూ పడాలంటే పందిరి చివరికి నడిచేవారు. తాళి కట్టే చేతులు కావాలంటే పురోహితుడి పక్కకు వచ్చి కూర్చునేవారు. సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు ఆయననే అడిగాను.

"ఏ లెన్సు కొనమంటారు మామయ్యా?"

"ఇప్పటిదాకా తీసినవి చూపించమ్మా. అన్నీ వద్దు, నీకు బాగున్నాయి అనిపించినవే."

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూపించాను. రంగుల గురించి గానీ వెలుతురు గురించి గానీ ఆయన ఒక్క మాట అనలేదు. ప్రతి ఫొటో దగ్గరా ఆగి, "ఇది తీసేటప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావు? మామూలు గొంతుతో మాట్లాడితే ఆమెకు వినిపించేదా?" అని అడిగారు. కాసేపయ్యాక ఆయన అడగకముందే నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఇంచుమించు అన్నిటిలోనూ నేను మనిషికి నాలుగైదు అడుగుల్లో ఉన్నాను. వారు చేసే పని, ఆ పనికి కావలసిన సామాను, ఆ మనిషి ముఖం మూడూ ఒకే బొమ్మలో ఉన్నాయి.

"నీకు నచ్చే దూరం ఇది. దీనికి సరిపడే గాజు వెతుక్కో" అన్నారు మామయ్య.

ఆయన ఊరు వెళ్ళాక అదే పనిని లెక్క ప్రకారం చేశాను. డిజిటల్ కెమెరా ప్రతి ఫొటో ఫైలులోనూ ఫోకల్ లెంగ్త్, అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది), షట్టర్ వేగం, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) రాసిపెడుతుంది. ఫొటోలు సర్దుకునే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో మెటాడేటా ఫిల్టర్ తెరిస్తే ఏ ఫోకల్ లెంగ్త్‌లో ఎన్ని ఫొటోలున్నాయో వరసగా చూపిస్తుంది. మొదట 18-55తో తీసినవన్నీ కలిపి చూశాను. రెండు గుట్టలు కనిపించాయి, ఒకటి 18 దగ్గర, ఇంకొకటి 55 దగ్గర. ఇంతటితో ఆగితే వైడ్ ఒకటి, దూరానికి పనికివచ్చే టెలీ ఒకటి కొనాలనిపిస్తుంది. కానీ జూమ్ రింగు ఆగేదే ఆ రెండు చివరల్లో. చోటు ఇరుకైతే ఒక వైపుకూ, మనిషి దూరంగా ఉంటే రెండో వైపుకూ చెయ్యి దానంతటదే తిప్పేస్తుంది. అందుకని నచ్చిన ఫొటోలకు మాత్రమే నక్షత్రం గుర్తు పెట్టి, మళ్ళీ వడగట్టాను. ఈసారి 18 గుట్ట బాగా తరిగింది, 55 గుట్ట సగమైంది. ఎక్కువ భాగం 30కీ 40కీ మధ్య వచ్చి చేరాయి. రింగును ఏ చివరకూ లాగకుండా, నేనే ముందుకో వెనక్కో జరిగి తీసినవి అవి. లెన్సు గురించి నన్ను ఎవరు అడిగినా ఇప్పుడు మొదట చేయమనేది ఈ రెండో వడపోతే. మొత్తం లెక్క ఒక్కటే చూసి డబ్బు పెట్టవద్దని గట్టిగా చెబుతాను.

పనికిరాకుండా పోయినవాటిని కూడా అదే పట్టున తిరగేశాను. వాటిలో చాలావరకు సాయంత్రాలు మైలాపూరులో తీసినవే. నవరాత్రికి ముందు కపాలీశ్వరుడి గుడి ఉత్తర మాడ వీధిలో కొలువు బొమ్మలు పరిచి అమ్ముతారు. దశావతారాల వరుసలు, చెట్టియారు దంపతుల బొమ్మలు, పెళ్ళి ఊరేగింపు సెట్లు, వాటి మీద వేలాడే బల్బుల పసుపు వెలుగు. నేను తీసినవాటిలో బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి, బల్బు స్పష్టంగా ఉంది, బొమ్మను పాత కాగితంలో చుడుతున్న చేతులు మాత్రం చెదిరిపోయాయి. అపెర్చర్ 5.6, ఐఎస్ఓ 3200, షట్టర్ 1/15 సెకను. ఆ 18-55లో వైబ్రేషన్ రిడక్షన్ ఉంది. అది ఫొటో తీసేవారి చేతి వణుకును సరిచేస్తుందే తప్ప ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. ఆ చేతులు ఆగాలంటే షట్టర్ వేగం పెరగాలి, అందుకు వెలుతురు ఎక్కువగా లోపలికి రావాలి. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 దగ్గర దాదాపు 10 రెట్లు వెలుతురు వస్తుంది. 1/15 దొరికిన చోటనే 1/125 దొరుకుతుంది. నేను బయలుదేరేదే దీపాల వేళకు, నాకు నచ్చేదేమో పనిచేసే చేతులు. ఇక నాకు కావలసింది ఇంకో జూమ్ కాదని, పెద్ద అపెర్చర్ ఉన్న, జూమ్ లేకుండా ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండే ప్రైమ్ లెన్సు అని అక్కడే తేలిపోయింది.

ఏ ప్రైమ్ అన్నది మిగిలింది. దాన్ని కొనకుండానే తెలుసుకునే ఉపాయం ఒకటి ఉంది. 18-55 రింగును 35 గీత మీద నిలిపి, కదలకుండా కాగితపు టేపు చుట్టేశాను. కొన్ని వారాలు అలాగే తిరిగాను. తర్వాత 24 దగ్గర, ఆ తర్వాత 45కీ 55కీ నడుమ.

డి5600లో ఫిల్ముకు బదులుగా వెలుతురును పట్టే సెన్సారు కొలత 23.5 మిల్లీమీటర్లు, 15.6 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల దూరంలో కెమెరాను నిలువుగా పట్టుకుంటే 35 ఎంఎంలో దాదాపు 1.35 మీటర్ల ఎత్తు పడుతుంది. అదే చోటు నుంచి 50లో 95 సెంటీమీటర్లు కూడా రాదు, 24లో రెండు మీటర్లు వస్తుంది. ఈ అంకెలు కాగితం మీద చూస్తే చిన్న తేడాలే. ప్యారీస్ కార్నర్ దగ్గరి పూల బజారులో మాత్రం పెద్దవయ్యాయి. అక్కడ తెల్లవారకముందే మెట్టు మీద కూర్చుని మల్లెపూలు కట్టే ఒక పెద్దావిడ ఉంది. 24లో ఆమెతో పాటు వెనకున్న స్కూటరూ, గోడ మీది పోస్టరూ వచ్చి చేరాయి. 50లో ముఖమూ చేతులూ మిగిలి పూల గంప బయటికి పోయింది. 35లో ఆమె, గంప, తడిపిన అరటి నార నానుతున్న చెంబు, మెట్టు అంచు వరకూ సరిగ్గా అమరాయి.

నేను ఫోనులో తెలుగు మాట్లాడడం విని, తమది కాళహస్తి వైపని ఆవిడ మాట కలిపింది. అప్పటికి నేను రెండు మీటర్ల అవతల ఉన్నాను.

"అక్కడి నుంచి నీకు ఏమి కనిపిస్తుంది అమ్మా? ముడి ఎలా పడుతుందో చూడాలంటే దగ్గరికి రా."

వెళ్ళి ఆమె పక్క మెట్టు మీదే కూర్చున్నాను. ఎడమ చేతి వేళ్ళ మధ్య నార బిగువుగా నిలిచింది. రెండు మొగ్గలు ఒక వైపుకూ రెండు మొగ్గలు ఇంకో వైపుకూ కాడలు కలిసేలా పెట్టి, కుడి చేత్తో నారను ఒక్క చుట్టు చుట్టి, ఆ చుట్టు లోంచి తీసి లాగింది. ముడి కనిపించలేదు. చూస్తుండగానే మాల ఇంకో బెత్తెడు పెరిగింది. నార తడి ఆమె చూపుడు వేలి గోరు మీద మెరుస్తూ ఉంది. ఆ మెరుపు నాకు ఫొటోలో కావాలనిపించింది. అది మీటరు లోపలి దూరం. కనుక నేను కొనే లెన్సు రెండు మీటర్లలో గంపనూ మనిషినీ కలిపి చూపించాలి, మీటరు లోపలికి వెళ్ళినా ఫోకస్ పట్టగలగాలి. ఈ రెండో షరతు సలహాలిచ్చిన వారెవరూ చెప్పలేదు. నికాన్ డీఎక్స్ (డి5600 లాంటి చిన్న సెన్సారు కెమెరాలకు నికాన్ పెట్టిన పేరు) 35 ఎంఎం ఎఫ్/1.8జి 30 సెంటీమీటర్ల వరకూ దగ్గరికి వెళ్ళి పట్టగలదు. 50 ఎంఎం ఎఫ్/1.8జి అయితే 45 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది.

ఆ 50ని కూడా అద్దెకు తెచ్చి చూశాను. గుర్తింపు కార్డు చూపించి కొంత డిపాజిట్ కడితే చెన్నైలో లెన్సులు రోజువారీ అద్దెకు ఇస్తారు. ముఖాలు తీయడం ఇష్టమైన వారికి అది ఎంత మంచి లెన్సో తీసిన మొదటి ఫొటోలోనే అర్థమవుతుంది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెసాన్ ఎక్కువ కాలం 50తోనే పనిచేశారని, కనుక వీధి ఫొటోలకు అదే సరైనదని చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఆయన కెమెరా 35 ఎంఎం ఫిల్ముది. డి5600 సెన్సారు అంతకన్నా చిన్నది, ఒకటిన్నర రెట్లు తేడా. ఆయనకు 50లో కనిపించినంత మేర నాకు 35లో కనిపిస్తుంది. నేను 50 తగిలిస్తే ఆయన కెమెరా లెక్కలో అది 75 చూపు అవుతుంది. మామయ్య యాషికాలోని 80 కూడా ఆ పెద్ద చదరపు ఫిల్ము మీద ఈ కోవకు చెందినదే. ఫిల్ము గానీ సెన్సారు గానీ మూల నుంచి మూలకు ఎంత ఉంటుందో, దాదాపు అంత ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సును నార్మల్ అంటారు. గూడూరు పెళ్ళి పందిళ్ళలో మామయ్య చూసిన చూపు, నాకు ఇష్టమైన చూపు చాలా దగ్గరివని తెలిశాక నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

వైడ్ కోసం 10-20 అద్దెకు తెచ్చి పంగుని నెల ఉత్సవాల్లో శివభక్తులైన అరవై ముగ్గురు నాయన్మార్లు ఊరేగే రోజున మైలాపూరు మాడ వీధులకు వెళ్ళాను. ఆ జనసముద్రం మధ్య నుంచి పల్లకీలూ గోపురమూ ఒకే బొమ్మలో పట్టడం ఆ లెన్సుకే సాధ్యం. అయితే అంచుల్లో పడిన ముఖాలు పక్కకు సాగుతాయి, దగ్గరున్న చెయ్యి ముఖం కన్నా పెద్దదవుతుంది. జాగ్రత్తగా వాడేవారు ఆ సాగుడునే అందంగా మలుచుకుంటారు. నాకు మనిషి కొలతలు మారడం నచ్చదు. పైగా మన ఫోన్లలో ప్రధాన కెమెరా ఎక్కువగా 35 ఎంఎం ఫిల్ము లెక్కలో 24 నుంచి 26 ఎంఎం చూపుతోనే వస్తుంది. గోపురం మొత్తం కావలసినప్పుడు సంచిలోని ఫోను ఉండనే ఉంది. వైడ్ సంగతి అంతటితో ముగిసింది.

ఇంట్లో ఉన్న 70-300ని చలికాలంలో పులికాట్‌కు తీసుకెళ్ళాను. చెన్నై నుంచి సూళ్ళూరుపేటకు లోకల్ రైలు ఉంది, అక్కడ మా పిన్ని వాళ్ళ ఇల్లు ఉంది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది. రెండు వైపులా రాజహంసలు (ఫ్లెమింగోలు). పిన్ని కొడుకు నా చేతిలోంచి కెమెరా తీసుకున్నాడు, సాయంత్రం వరకూ తిరిగి ఇవ్వలేదు. నాకు ఆ పక్షులను కళ్ళారా చూస్తూ నిలబడడమే బాగుంది. కెమెరా తిరిగి నా చేతికి వచ్చాక నేను తీసింది, ఒడ్డున కూర్చుని వల మరమ్మతు చేసుకుంటున్న ఒకాయనను. అదీ 18-55 తగిలించుకుని, ఆయన అనుమతి అడిగి, పక్కన కూర్చుని.

ఇక కొనడం. ఇక్కడ నికాన్ వాడేవారికి ఒక హెచ్చరిక. డి3000, డి5000 వరుసల కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవకగా దొరికే పాత ఏఎఫ్-డి లెన్సులు వాటికి తగులుతాయి గానీ ఆటోఫోకస్ పనిచేయదు. పేరులో ఏఎఫ్-ఎస్ ఉండేలా చూసుకోవాలి. ఏఎఫ్-పి లెన్సులు డి5600కు సరిపోతాయి గానీ ఈ వరుసల్లోని పాత కెమెరాలు కొన్నిటితో పనిచేయవు. కొత్తది కాకుండా, ఒకరు వాడి అమ్మిన పాత లెన్సే కొనాలనుకుని అన్నాసాలై పక్క సందులోని ఒక దుకాణానికి నా కెమెరా తీసుకునే వెళ్ళాను. మొదట చూపించిన 35 బయటికి కొత్తదానిలా ఉంది. వెనక మూత తీసి, ఫోను టార్చిని ఒక వైపు నుంచి వేసి రెండో వైపు నుంచి చూశాను. లోపలి అద్దం అంచున సాలెగూడు పోగుల్లా సన్నని గీతలు. ఫంగస్. తుడిస్తే పోతుందని దుకాణదారు అన్నారు. అది అద్దాల మధ్య ఉంటుంది, పైన తుడిస్తే పోయేది కాదు. ఎక్కువ కాలం ఉంటే అద్దం మీది పూతను తినేస్తుంది. వద్దని చెప్పి ఇంకొకటి అడిగాను.

రెండో దాని అద్దాలు శుభ్రంగా ఉన్నాయి. ఈ లెన్సుకు అపెర్చర్ రింగు ఉండదు కనుక వెనకనున్న చిన్న మీటను వేలితో మెల్లగా జరిపి రేకులను చూశాను. ఏడు రేకులూ చురుగ్గా మూసుకుని తెరుచుకున్నాయి, నూనె మరక లేదు. ఫిల్టరు మర చుట్టూ సొట్ట లేదు. అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష కెమెరాకు తగిలించాక. ఒక వార్తాపత్రికను బల్ల మీద ఏటవాలుగా పరిచి, మధ్యలోని ఒక శీర్షిక మీద ఫోకస్ పెట్టి, ఎఫ్/1.8లో తీసి, తెర మీద పెద్దది చేసి చూశాను. ఆ శీర్షికే స్పష్టంగా ఉండాలి. దాని ముందుదో వెనకదో స్పష్టంగా వస్తే ఆ లెన్సు ఆ కెమెరాతో కుదరదన్నమాట. ఖరీదైన కెమెరాల్లో దీన్ని సరిచేసుకునే సౌకర్యం ఉంటుంది, డి5600లో లేదు. అందుకే సొంత కెమెరా లేకుండా పాత లెన్సు కొనడానికి వెళ్ళకూడదు. నాకు శీర్షికే స్పష్టంగా వచ్చింది. కొత్తదాని ధరలో దాదాపు సగానికి ఇచ్చారు. బరువు 200 గ్రాములు, ఆఫీసు సంచిలో రోజూ ఉన్నా తెలియదు.

దానితో పూల బజారుకు వెళ్ళాక ఇంకో లెక్క చేతికి అలవాటు కావలసి వచ్చింది. 35 ఎంఎంలో ఎఫ్/1.8 పెట్టి మీటరు దూరంలో తీస్తే ఈ సెన్సారు మీద స్పష్టంగా ఉండే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. గోరు మీది మెరుపు దొరుకుతుంది, ఆమె కళ్ళు మసకబారుతాయి. ఎఫ్/4కు మూస్తే ఆ లోతు 13 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆమె మాల మీదికి వంగినప్పుడు ముఖం, చేతులు ఒకే వరుసకు వస్తాయి. ఆ వంగే క్షణం కోసం ఆగి, వెలుతురు ఉన్నంతవరకు ఎఫ్/2.8కీ ఎఫ్/4కీ మధ్య తీస్తున్నాను. 1.8ను చీకటి బాగా పడ్డాక వాడతాను. అపెర్చర్ పెద్దదని ఎప్పుడూ పూర్తిగా తెరిచి, వెనకున్నదంతా మసక చేయడం నాకు ఇష్టం లేదు. ఆ గంప, ఆ చెంబు, ఆ మెట్టు లేకపోతే ఆమె పని ఎక్కడుంది?

చెన్నై గాలి సంగతి చెప్పకపోతే ఈ అనుభవం పూర్తి కాదు. ఇక్కడి తేమకు లెన్సు బీరువాలో బట్టల మధ్య ఉంటే ఫంగస్ పట్టడం ఖాయం. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు, ఒక చిన్న తేమ మీటరు పెట్టాను. 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూస్తాను. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఆ సంచులను తరచుగా ఆరబెట్టాలి. ఏసీ గదిలోంచి నేరుగా మెరీనా గాలిలోకి తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. జిప్ సంచిలోనే ఉంచి, కాసేపు బయటి వేడికి అలవాటు పడ్డాక తీస్తే ఆ బాధ ఉండదు. కాశిమేడు చేపల రేవు నుంచి వచ్చిన రోజున ఉప్పు తడి ఆరకముందే పై భాగమంతా మెత్తని గుడ్డతో తుడుస్తాను.

70-300 ఇప్పుడు సూళ్ళూరుపేటలో తమ్ముడి దగ్గర ఉంది. వాడూ ఒక పాత నికాన్ కొనుక్కున్నాడు. వాడి ఫొటోలను కూడా కూర్చుని వడగట్టాం. వాడికి నచ్చినవన్నీ 300 దగ్గరే ఉన్నాయి. రింగు చివరే కదా, నా 55 గుట్ట లాంటిదేమో అని అనుమానించి ఒక్కొక్కటీ తెరిచి చూశాను. దాదాపు ప్రతి ఫొటోనూ వాడు ఆ తర్వాత చుట్టూ కత్తిరించి, పక్షిని ఇంకా దగ్గర చేశాడు. వాడికి 300 నిజంగానే చాలడం లేదు. 200-500 గురించి అడుగుతున్నాడు. అది డీఎక్స్ కెమెరా మీద ఫిల్ము లెక్కలో 750 చూపు ఇస్తుంది, బరువు మాత్రం 2.3 కిలోలు. ముందు అద్దెకు తెచ్చుకోమన్నాను. గూడబాతులు దగ్గర్లోని నేలపట్టు చెట్ల మీద గూళ్ళు కట్టడం మొదలుపెట్టగానే తెచ్చి, రోజంతా భుజాన మోసి చూసి అప్పుడు తేల్చుకుంటానని చెప్పాడు.